బోన్సాయ్ కొత్తవారికి: చెట్టును త్వరగా చంపుకొనే సలహాలు మాత్రమే ఇక్కడ రాయవలెను

మిద్దెతోట (విశాఖపట్నం)

మన వేదికలో మంచి సలహాలకు లోటు లేదు, వాటిని చదివే ఓపికకే లోటు. అందుకని కొత్తవారి సౌకర్యార్థం ఈ చర్చను ప్రారంభిస్తున్నాను. ఇక్కడ చెడు సలహాలు మాత్రమే రాయాలి, అదీ ప్రభుత్వ ఉత్తర్వు జారీ చేస్తున్నంత ధీమాగా రాయాలి. షరతు ఒక్కటే: సలహా మీరు కల్పించినది కాకూడదు. ఎవరో ఒకరు పూర్తి నమ్మకంతో చెప్పగా మీరు విన్నదై ఉండాలి. మెరుగులు దిద్దుకోవడానికి అభ్యంతరం లేదు.

మొదటిది నేనే సమర్పిస్తున్నాను. బోన్సాయ్ చెట్టును హాలులో టీవీ పక్కన ఉంచవలెను. ఎండ, వాన తగిలితే దాని అందం చెడుతుంది. వెలుతురు సంగతి ట్యూబులైటు చూసుకుంటుంది, గాలి సంగతి ఏసీ చూసుకుంటుంది, చుట్టాల ప్రశంసలే దానికి ఎరువు. ఆకులు రాలడం మొదలైతే చెట్టు కొత్త ఇంటికి అలవాటు పడుతున్నదని అర్థం. అన్నీ రాలిపోతే పూర్తిగా అలవాటు పడిందని గ్రహించవలెను.

పాతతీగ (హైదరాబాద్)

మిద్దెతోట గారి ఉత్తర్వుకు చిన్న అనుబంధం. 1923 నాటి భూకంపం తరువాత టోక్యోలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు నగరం వదిలి ఒమియా ప్రాంతానికి తరలిపోయి, 1925లో అక్కడ ఏకంగా ఒక బోన్సాయ్ గ్రామాన్నే ఏర్పాటు చేసుకున్నారు. ఆ గ్రామంలో స్థిరపడదలచినవారికి పెట్టిన నియమాలలో కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలన్నది ఒకటి, రెండంతస్తుల ఇల్లు కట్టరాదన్నది మరొకటి. ఇంత శ్రమ ఎందుకు పడ్డారో తెలియదు కాని, పాపం వారికి మన మూడో అంతస్తు ఫ్లాటులోని ఉత్తరపు కిటికీ మహిమ ఎవరూ చెప్పి ఉండరు.

వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో జపాను తెల్ల పైన్ చెట్టు ఒకటి ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతున్నది. 1945లో హిరోషిమాలో ఉండి కూడా బాంబు దాడి నుంచి బయటపడింది, 1976లో దానిని అమెరికాకు కానుకగా ఇచ్చారు. దానిని మా బంధువుల డ్రాయింగు రూములో టీపాయ్ మీద పెడితే ఎన్ని నెలలు బతుకుతుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

గోదారిగట్టు (కడియపులంక)

మా ఊరి చుట్టూ నర్సరీలే కాబట్టి ఈ విషయంలో నాకు కొంత అధికారం ఉన్నదని భావిస్తూ రెండు సలహాలు రాస్తున్నాను.

చెట్టును ఎన్నుకొనేటప్పుడు వేళ్లు, మొదలు, కొమ్మలు చూడడం వృథా కాలక్షేపం. కుండీ మీద తెల్ల గులకరాళ్లు జిగురుతో అంటించి ఉన్నాయా లేదా అన్నదే ప్రధానం. రాయి కదిలితే అది నాసిరకం చెట్టు. రాళ్ల పలక ఒకే ముక్కగా గట్టిపడి, నీళ్లు పోస్తే పక్కలకు జారి నేల మీద పడుతున్నదంటే అది మేలురకం. ఆ నీటిని గుడ్డతో తుడిచి, చెట్టు తృప్తిగా తాగిందని సంతోషించవచ్చు.

నీళ్లకు సంబంధించినది రెండోది. బోన్సాయ్ చిన్న చెట్టు కనుక నీళ్లు కూడా చిన్నగానే పోయాలి. టీ చెంచా సరిపోతుంది. వేసవిలో ఉదారంగా ఉండదలచుకుంటే రెండు చెంచాలు.

కొత్తమొలక (విజయవాడ)

నమస్కారమండీ. నేను ఈ వేదికకు కొత్త. చర్చ శీర్షిక చూశాను కాని ఏది హాస్యమో ఏది నిజమో నాకు స్పష్టంగా తెలియడం లేదు. మా ఆఫీసులో బహుమతిగా ఒక చెట్టు ఇచ్చారు. అడుగున రెండు మూడు లావైన దుంపల్లాంటి వేళ్లు, పైన నున్నని చిన్న ఆకులు ఉన్నాయి. తెల్లని పింగాణీ కుండీ. గోదారిగట్టు గారు చెప్పినట్లే రాళ్లు గట్టిగా అతుక్కొని ఉన్నాయి. ఇది మేలురకమేనా?

గోదారిగట్టు (కడియపులంక)

అమ్మా, ఈ ఒక్క సమాధానం హాస్యం కాదు, దయచేసి దీనిని మాత్రం నమ్మండి. మీ దగ్గర ఉన్నది జిన్సెంగ్ ఫైకస్ అని పిలిచే రకం. మర్రి, రావి, జువ్వి కుటుంబానిదే కాబట్టి చాలా మొండి చెట్టు, తేలికగా చావదు. రాళ్లు అంటించేది లారీలో దూరం వెళ్లేటప్పుడు మట్టి ఒలికిపోకుండా, కొట్టులో చూడడానికి శుభ్రంగా ఉండేటట్లు. ఆ తరువాత వాటితో చెట్టుకు ఏ పనీ లేదు. ఒక స్క్రూడ్రైవరు తీసుకొని, కుండీ అంచు దగ్గర మొదలుపెట్టి, వేళ్లకు గాటు పడకుండా మెల్లగా పెళ్లగించండి. కింద ఏమున్నదో చూసి ఇక్కడ రాయండి.

లెక్కలమాస్టారు (వరంగల్)

ఇప్పటివరకు వచ్చిన సలహాలు వినోదంగానే ఉన్నాయి గాని వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు, ఎందుకంటే టీ చెంచాతో నీళ్లు పోయమంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అనుమానం రానివి అసలైన చెడు సలహాలు. నా వంతుగా అందరికీ ఎంతో ఇష్టమైనది ఒకటి సమర్పిస్తున్నాను: నీరు బాగా దిగిపోవడానికి కుండీ అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిచి, ఆపైన మట్టి వేయవలెను.

గోదారిగట్టు (కడియపులంక)

మాస్టారూ, ఇందులో చెడు ఏమున్నది? మా నాయనగారి కాలం నుంచి ప్రతి తొట్టెలోనూ ఇలాగే వేస్తున్నాము.

లెక్కలమాస్టారు (వరంగల్)

అదే చెబుతున్నాను. గిన్నెలు తోమే మందపాటి స్పాంజి ముక్కను నీటిలో పూర్తిగా ముంచి, అరచేతి మీద పడుకోబెట్టండి. కొంత నీరు కారి ఆగిపోతుంది. పిండకుండా, దానిని అలాగే నిలువుగా లేపి పట్టుకోండి. మళ్లీ ధారగా కారుతుంది. స్పాంజి అదే, రంధ్రాలూ అవే. మారినది ఎత్తు ఒక్కటే. మట్టి కూడా ఇంతే: ఎంత నీరు పోసినా అడుగున కొంత మందం తడితో నిండిపోయి నిలిచి ఉంటుంది, ఆ మందం మట్టి రేణువుల పరిమాణాన్నిబట్టి ఉంటుంది గాని కుండీ లోతునుబట్టి ఉండదు. లోతైన తొట్టెలో ఆ తడి పొర అట్టడుగున ఎక్కడో ఉండి, వేళ్లకు పైన బోలెడు చోటు మిగులుతుంది. రెండు మూడంగుళాల బోన్సాయ్ పళ్లెంలో కుండీ మొత్తం ఆ తడి పొరే కావచ్చు. సన్నని మట్టి కింద గులకరాళ్లు వేస్తే, పై మట్టి పూర్తిగా నానితే తప్ప నీరు రాళ్లలోకి దిగదు. అంటే తడి పొర రాళ్ల మందానికి సరిగ్గా అంత పైకి జరిగి, వేళ్ల మధ్యలో కూర్చుంటుంది. నాయనగారి తొట్టెలు లోతైనవి కాబట్టి ఆ తప్పును భరించాయి.

నీరు దిగాలంటే రాళ్లు అడుగున కాదు, మిశ్రమం నిండా ఉండాలి. ఇటుకలు పగులగొట్టి జల్లెడ పట్టి, మరీ పెద్దవీ మరీ పొడిగా ఉన్నవీ తీసేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్కలు మిగుల్చుకోవాలి. పొడిని తీసివేయడమే ఇందులో సగం విద్య.

గోదారిగట్టు (కడియపులంక)

స్పాంజి ప్రయోగం చేసి చూశాను. ఇంట్లో వారు వింతగా చూశారు. మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. నాయనగారికి మాత్రం చెప్పను.

పాతతీగ (హైదరాబాద్)

మాస్టారు చర్చను మంచి దారిలో పెట్టారు. అనుమానం రాని సలహాల కోవలోనే నాది: ప్రతిరోజూ ఉదయం ఏడు గంటలకు ఒక గ్లాసు నీళ్లు. వినడానికి ఎంత క్రమశిక్షణగా ఉన్నదో చూడండి. రోహిణీ కార్తెలో డాబా మీది పళ్లానికి అది మధ్యాహ్నం దాకా కూడా చాలదు, శ్రావణ మాసపు ముసురులో అదే గ్లాసు వేళ్లను కుళ్లబెడుతుంది. వేలు మట్టిలో ఒక అంగుళం దించి చూసేవారికి గడియారంతో పని లేదు. పోసేటప్పుడు మాత్రం అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ)

ఇక్కడి నుంచి నా వంతు. నా దగ్గర జూనిపర్ ఒకటి ఉన్నది. నవంబరు నెల రాగానే మా ఇంటికి వచ్చే తెలుగువారందరూ, వీడియో కాల్‌లో మా అమ్మగారూ ఒకే సలహా ఇస్తారు: "పాపం, ఆ చెట్టును చలిలో వదిలేశారేమిటి, లోపల హీటరు దగ్గర పెట్టండి." దయతో నిండిన సలహా, చెట్టుకు మరణశాసనం. జూనిపర్, పైన్, మేపుల్ వంటి చలిదేశపు చెట్లకు శీతకాలపు నిద్ర తప్పనిసరి. వేళ్లు మరీ గడ్డకట్టకుండా, ఎండుగాలి కొట్టకుండా చూసుకుంటే చాలు, వాటి చోటు ఆరుబయటే. వెచ్చని గదిలో నిద్ర లేక అవి నెమ్మదిగా నీరసించి పోతాయి. జూనిపర్‌లో మరో చిక్కు ఉన్నది: చనిపోయిన తరువాత కూడా కొన్ని వారాలపాటు పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి సలహా ఇచ్చినవారు "చూశారా, లోపల ఎంత బాగున్నదో" అని ఆనందించడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది.

నా ఫైకస్‌కు మాత్రం అమ్మగారి సలహా అక్షరాలా సరిపోతుంది. రాత్రి చలి పది డిగ్రీలకు దిగక ముందే దానిని లోపలికి తెచ్చి, ఎండ వచ్చే కిటికీ దగ్గర పెట్టవలసిందే. ఒకే ఇంట్లో రెండు చెట్లకు రెండు న్యాయాలని అమ్మగారి ఫిర్యాదు.

మిద్దెతోట (విశాఖపట్నం)

దీనికి తిరగేసిన రూపం మన దగ్గర ఉన్నది. విదేశీ వీడియోలు చూసి, విజయవాడ ఎండలో జపాను మేపుల్ పెంచండి. వీడియోలో తెల్లవారు వసంతం రాకముందు కుండీ మార్చమన్నారు కాబట్టి, మన వసంతం ఏ నెలలో వస్తుందో పంచాంగం చూసుకొని, ఉగాది పచ్చడి తిని, మండుటెండలు మొదలయ్యే వేళకు సరిగ్గా వేళ్లు కత్తిరించండి.

నిజానికి మన చెట్లు మనకు చాలు. రావి, మర్రి, జువ్వి, చింత, సీమచింత, కాగితంపూలు, దానిమ్మ, అడీనియం, జేడ్ అని నర్సరీలలో అమ్మే మందాకు మొక్క, ఇవన్నీ మన వేడిని ఓర్చుకొనేవే. రావి, మర్రి జాతులకు కుండీ మార్చడం మాఘ ఫాల్గుణాలలో కొత్త చిగుళ్లకు ముందో, తొలకరి పడ్డాకనో చేసుకుంటే త్వరగా కోలుకుంటాయి.

చింతచిగురు (కర్నూలు)

చింత ప్రస్తావన వచ్చింది కాబట్టి నేనూ ఒక ఉత్తర్వు జారీ చేస్తున్నాను. సాయంత్రం చింత బోన్సాయ్ ఆకులు ముడుచుకొంటే అది ప్రాణాపాయ స్థితి. వెంటనే నీళ్లు పోయాలి. అరగంటలో ఆకులు విచ్చుకోకపోతే యూరియా వేయాలి. రాత్రి పది గంటలకు కూడా ముడుచుకొనే ఉంటే పురుగుమందు కొట్టి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఉదయం ఆకులు విచ్చుకోగానే, ఏ మందు పనిచేసిందో అన్న విషయమై గ్రూపులో చర్చ జరపాలి.

చింత ఆకు ప్రతి రాత్రీ ముడుచుకొంటుందని ఊళ్లో పెరిగిన ప్రతివారికీ తెలుసు. కాని అదే చెట్టు కుండీలోకి రాగానే తెలిసినదంతా మరచిపోతాము. రావి విషయంలోనూ అంతే. శిశిరంలో అది ఆకులు రాల్చితే వీధి చివరి చెట్టును చూసి ఎవరూ కంగారుపడరు. కుండీలోది రాల్చితే మాత్రం బోడి కొమ్మలకు రోజూ రెండు పూటలా నీళ్లు పోసి, ఆకులు లేక నీటిని లాగలేని వేళ్లను కుళ్లబెట్టి, "చలికి పోయిందండీ" అంటారు.

రావిగోడ (గుంటూరు)

ఆన్‌లైనులో దొరికే "బోన్సాయ్ విత్తనాలు" ఎవరూ తలవలేదేమిటి? ఫొటోలో మేపుల్ ఆకులు నీలం రంగులో ఉంటాయి. ప్యాకెట్టు తెప్పించి, కోకోపీటులో, అంటే కొబ్బరి పొట్టులో వేసి, దీపావళికల్లా నీలి బోన్సాయ్ సిద్ధమవుతుందని బంధువులకు ముందే చెప్పి ఉంచవలెను.

నీలి మేపుల్ అనే చెట్టు ఈ భూమి మీద లేదు. బోన్సాయ్ విత్తనమూ లేదు. మర్రి విత్తనం వేస్తే మర్రే మొలుస్తుంది, దానిని చిన్నగా ఉంచేది కత్తెర, కుండీ, పెంచేవారి ఓపిక. విత్తనం నుంచి మొదలుపెడితే చూడదగ్గ మొదలు రావడానికి ఏళ్లు పడుతుంది. మొలక చిటికెన వేలంత కూడా లేనప్పుడే ఖరీదైన పళ్లెంలో నాటితే ఆ ఏళ్లు రెట్టింపు అవుతాయి, ఎందుకంటే పళ్లెంలో పడ్డాక కాండం లావెక్కడం దాదాపు ఆగిపోతుంది. ముందు నేలలోనో పెద్ద తొట్టెలోనో ఇష్టం వచ్చినట్లు పెరగనిచ్చి, మొదలు లావెక్కిన తరువాత నరికి దింపాలి. కొత్తవారికి ఈ మాట అస్సలు నచ్చదు.

అమ్మమ్మగారిల్లు (తెనాలి)

నాది పండ్ల సలహా. మామిడి అంటు తెచ్చి చిన్న పళ్లెంలో పెట్టండి, ద్రాక్షపండంత మామిడికాయలు కాస్తాయి, ఆవకాయ పెట్టడానికి ముక్కలు కొట్టే పని కూడా ఉండదు.

కత్తిరింపుతో ఆకులు కొంత చిన్నవవుతాయి, కణుపులు దగ్గరపడతాయి. పువ్వు, కాయ మాత్రం వాటి పరిమాణం మార్చుకోవు. మామూలు దానిమ్మ కుండీలో కాస్తే సన్నని కొమ్మకు పూర్తి సైజు కాయ వేలాడి, కొమ్మ నేలను తాకుతుంది. అందుకే కాయలే చిన్నవిగా ఉండే పొట్టి దానిమ్మ రకాన్ని ఎంచుకుంటారు. మామిడికి ఆకే జానెడు కాబట్టి దాని జోలికి పోకపోవడమే మర్యాద.

పాతతీగ (హైదరాబాద్)

నా పేరుకు న్యాయం చేయాలి కాబట్టి, కొమ్మలను కావలసిన వంపులో నిలపడానికి చుట్టే లోహపు తీగ గురించి రాస్తాను. ఇల్లు కట్టగా మిగిలిన బైండింగు తీగ ఉత్తమం, తుప్పు పట్టినదైతే ఇనుము ధాతువు కూడా అందుతుంది. కొమ్మకు దగ్గర దగ్గరగా, స్ప్రింగులాగా, ఊపిరాడకుండా చుట్టాలి. ఒకసారి చుట్టిన తీగను విప్పడం అశుభం.

ఈ చివరి వాక్యం ఎంతమంది పాటిస్తున్నారో చూడాలంటే ఏ ప్రదర్శనకైనా వెళ్లి ఫైకస్ కొమ్మలను వేలితో తడిమి చూడండి. వానాకాలంలో ఫైకస్ కొమ్మ ఎంత వేగంగా లావెక్కుతుందంటే, కొన్ని వారాలలోనే తీగ బెరడులోకి దిగి, మెలికల గాటు పడి, ఏళ్లపాటు మానదు. అల్యూమినియం తీగ కొత్తవారి చేతికి సుఖం. కొమ్మ మందంలో సుమారు మూడోవంతు మందమున్న తీగ తీసుకొని, ఏటవాలుగా, ఎడంగా చుట్టి, వారానికొకసారి చూస్తూ, బిగుస్తున్నదని తోచగానే ముక్కలుగా కత్తిరించి తీసేయాలి. తీగను దాచుకోవాలన్న పొదుపుతో వెనక్కి తిప్పుతూ విప్పేవారు కొమ్మను విరిచిన తరువాత నాకు ఫోను చేస్తుంటారు.

కాలనీవాస్తు (నెల్లూరు)

అందరూ మొక్కల గురించే రాస్తున్నారు. ఇంట్లో బోన్సాయ్ ఉంటే ఇంటి ఎదుగుదల ఆగిపోతుందని, ప్రమోషన్లు రావని, పిల్లలు పొడవు పెరగరని మా కాలనీలో గట్టిగా చెబుతారు. ఇది చెడు సలహా కింద వస్తుందా?

చింతచిగురు (కర్నూలు)

దీనివల్ల చెట్టు కొనకుండా ఆగిపోయినవారు ఉన్నారు గాని, చచ్చిన చెట్టు ఒక్కటీ లేదు. ఆ లెక్కన ఈ చర్చలో చెట్లకు మేలు చేసిన సలహా ఇదొక్కటే.

ఎడిసన్_తెలుగు (న్యూజెర్సీ)

చెట్టు కొనకుండా ఆగిపోయినవారి మాట వచ్చింది కనుక, ఉన్నవి పోగొట్టుకున్నవారి సంగతీ చెబుతున్నాను. 2019 జనవరిలో జపానులోని సైతామా ప్రాంతంలో ఒక పెంపకందారు దంపతుల తోట నుంచి ఏడు బోన్సాయ్‌లు దొంగతనానికి గురయ్యాయి. వాటిలో ఒకటి సుమారు 400 సంవత్సరాల వయసున్న జూనిపర్. ఆ దంపతులు సామాజిక మాధ్యమంలో దొంగలను వేడుకున్నది ఏమిటంటే, దయచేసి చెట్లకు నీళ్లు పోయమని. ఆ జూనిపర్ నీళ్లు లేకుండా వారం రోజులకు మించి బతకదట. పదిరోజులు ఊరికి పోతూ పక్కింటివారికి తాళం కూడా ఇవ్వని నా మిత్రులకు ఈ వార్త తరచుగా పంపుతుంటాను.

కొత్తమొలక (విజయవాడ)

గోదారిగట్టు గారికి: మీరు చెప్పినట్లే స్క్రూడ్రైవరుతో రాళ్లు తీశాను. జిగురు పలక మూడు ముక్కలుగా వచ్చింది. కింద మట్టి లేదు, గోధుమ రంగు కొబ్బరి పొట్టు లాంటిది ఉన్నది. పైన ఎండి బెరడులా అయిపోయింది, కుండీ అంచుకూ దానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉన్నది. నీళ్లు పోస్తే ఆ సందులోంచే దిగిపోతున్నాయి. ఇంకొక సంగతి, పింగాణీ కుండీలో మరొక నల్ల ప్లాస్టిక్ కుండీ ఉన్నది. పింగాణీ దానికి అడుగున రంధ్రమే లేదు, ఒక అంగుళం నీళ్లు నిలిచి వాసన వస్తున్నాయి. పైన ఎండి, అడుగున మురిగిపోవడం ఒకేసారి ఎలా సాధ్యం?

గోదారిగట్టు (కడియపులంక)

బహుమతి చెట్లలో ఈ రెండూ కలిసే వస్తాయి. కోకోపీటు ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని తేలికగా పీల్చుకోదు, పోసినదంతా పక్కల నుంచి జారి అడుగున చేరుతుంది. అక్కడ రంధ్రం లేదు కనుక నిలిచిపోతుంది. ఇప్పుడు ఇలా చేయండి. పింగాణీ కుండీని పక్కన పెట్టేయండి. నల్ల కుండీని బకెట్టు నీళ్లలో అంచు దాకా ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, బయటికి తీసి నీరు ఓడ్చండి. ఉదయపు ఎండ తగిలే బాల్కనీలో పెట్టండి, మధ్యాహ్నపు ఎండకు మాత్రం మెల్లగా అలవాటు చేయాలి, లేకపోతే కొట్టు నీడలో పుట్టిన ఆకులు మాడిపోతాయి. కొత్త చిగుళ్లు పుంజుకొన్న తరువాత మాస్టారు చెప్పిన ఇటుక మిశ్రమంలోకి మార్చవచ్చు. వేళ్లలో మూడోవంతుకు మించి ఒకేసారి కోయవద్దు, కోసిన చోట పాలు కారితే భయపడవద్దు, ఆ జాతి లక్షణమే అది. మార్చిన వెంటనే ఎరువు వేయవద్దు, నెల రోజులు ఆగండి.

కొత్తమొలక (విజయవాడ)

చాలా కృతజ్ఞతలండీ. ముంచితే చాలాసేపు బుడగలు వచ్చాయి. పీకిన తెల్ల రాళ్లు చూడడానికి బాగున్నాయి, పారేయబుద్ధి కావడం లేదు. వీటిని ఏమి చేయమంటారు?

రావిగోడ (గుంటూరు)

కొత్త కుండీ అడుగున రెండంగుళాల మందాన పరచండి. నీరు బాగా దిగుతుంది.

లెక్కలమాస్టారు (వరంగల్)

చూస్తూనే ఉన్నాను.